రోజుకో అరగంట మీకోసం మిగుల్చుకోవడం ఎలా?

తెల్లవారుజామున నాలుగింటికి లేచి సొంతానికి టైమ్ చూసుకోమని చెప్పేవాళ్లుంటారు. వినకండి. పెద్దవాళ్లకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆ అరగంటను ఇంటిపనిలోంచి తియ్యాలి, నిద్రలోంచి కాదు.

కావలసినవి: కాగితం, పెన్ను, గడియ పడే తలుపు. యాప్‌లు వద్దు.

1. వారం రోజులు మీరు చేసే పనులన్నీ రాయండి. ఫీజు గడువు గుర్తుపెట్టుకోవడం, సబ్బు అయిపోతోందని గమనించడం కూడా పనులే. ప్రపంచం మొత్తమ్మీద జీతం లేని ఇంటి చాకిరీకి, ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి రోజుకు సగటున ఆడవాళ్లు 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్లు గంటా 23 నిమిషాలు పెడుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. మీ కాగితం అంతకంటే పొడుగ్గా ఉంటే ఆశ్చర్యపోకండి.

2. ఎవరూ అడగకపోయినా చేస్తున్నవి కొట్టేయండి. దుప్పట్ల ఇస్త్రీ లాంటివి.

3. ఒక్క పని ఇంకొకరికి అప్పజెప్పండి. ఒక్కటే. "కాస్త సాయం చేస్తారా" అనొద్దు. సాయం అన్నారంటే పని మీదేనని ఒప్పుకున్నట్టే.

4. అప్పజెప్పాక అందులో వేలు పెట్టకండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. బట్టలు మడతపెట్టే పని మా ఆయనకి ఇచ్చాను. తువ్వాళ్లు ఉండలు చుట్టి అలమరలో కుక్కారు. రాత్రి అందరూ పడుకున్నాక అవన్నీ విప్పి మళ్లీ మడతపెట్టాను. ఆయన చూడనే చూశారు. మర్నాడు బట్టల బుట్ట కదల్లేదు. "నీకు నచ్చినట్టు నాకు రాదుగా, నువ్వే చేసుకో" అన్నారు. ఏమనగలను?

కాబట్టి రెండు వారాలు చేతులు కట్టుకోండి. సరిచేయొద్దు, నిట్టూర్చొద్దు. గుర్తు చేయడం అసలే వద్దు, గుర్తు చేస్తే సగం పని మీ నెత్తినే ఉన్నట్టు. యూనిఫాం ఆరకపోతే ఆరకపోనివ్వండి. మందులు, పసిపిల్లలు, పొయ్యి విషయంలో మాత్రం ఈ మొండితనం పనికిరాదు. అందుకే మొదట అప్పజెప్పేది పాడైనా కొంప మునగని పనై ఉండాలి. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇదేంటమ్మా, ఇల్లిలా ఉంది" అంటారు. నవ్వి ఊరుకోండి. సంజాయిషీ మొదలుపెట్టారంటే లేచి సర్దడం కూడా మొదలుపెడతారు.

5. మిగిలిన అరగంట సాయంత్రమే తీసుకోండి. ఫోన్ బయట, మీరు లోపల. పడుకోండి, పాట వినండి, గోడ చూస్తూ కూర్చోండి. స్నానం, సరుకులు తేవడం ఈ లెక్కలోకి రావు. తలుపు కొడితే "ఏడున్నరకి వస్తా" అనండి, అంతే. రెండు వారాలకు పైగా దేనిమీదా మనసు పోక, నిద్ర పట్టక ఉంటే మాత్రం అది అరగంటతో తీరేది కాదు, డాక్టర్‌ని కలవండి.

రెండోసారి బుట్ట మళ్లీ ఆయనకే ఇచ్చాను. మా ఇంట్లో తువ్వాళ్లు ఇప్పటికీ ఉండలే.