కొత్త కారుకి షోరూంలో బేరం ఎలా ఆడాలి?

నా మొదటి కారు శ్రావణ శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఇంటి ముందు ఆగాలని మా నాన్న ముహూర్తం పెట్టించారు. ఆ సంగతి నేను సోమవారమే షోరూంలో చెప్పేశాను. నా బేరం అక్కడితో సరి. గురువారం సాయంత్రం ‘మీరడిగిన రంగులో ఒక్కటే బండి ఉంది సార్, దానికి యాక్సెసరీలు బిగించేశారు, 32 వేలు అదనం అవుతుంది’ అన్నాడు అబ్బాయి. ఇంట్లో బూడిద గుమ్మడికాయ తెచ్చి పెట్టుకున్నాక ఏం మాట్లాడతాం? నోరు మూసుకుని కట్టేశాను.

తర్వాత తమ్ముడు కొన్నప్పుడు, మావయ్య కొన్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. అలా నేర్చుకున్నవే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ల కోసం ఈ కింద రాస్తున్నాను. ముందు ఒక మాట: ముహూర్తం ఎప్పుడు పెట్టించుకున్నా, దాన్ని షోరూంలో చెప్పకండి. ధర ఖరారై, సంతకాలయ్యాక ‘ఫలానా రోజు ఇవ్వగలరా’ అనండి. పిల్లల్ని తీసుకెళ్లి బండిలో కూర్చోబెట్టడం కూడా అప్పుడే. వాళ్లు స్టీరింగు పట్టుకుని దిగనంటే ఎదుటివాడికి మన పరిస్థితి అర్థమైపోతుంది.

1. రెండో కొటేషన్ వేరే యజమాని దగ్గర తెచ్చుకోండి

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ చాలా కంపెనీలకి ఊరికి ఒక్క షోరూమే. రైతుబజార్లో లాగా పక్క గంప దగ్గరికి పోయే వీలుండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. శ్రీకాకుళంలో ధర నచ్చలేదని విజయనగరం వెళ్తే అక్కడి షోరూం కూడా అదే యజమానిది కావచ్చు. విశాఖలో అసలు డీలరు ఉండి, ఈ రెండు ఊళ్లలోనూ బ్రాంచీలు నడపడం మామూలే. అప్పుడు మీ దగ్గర రెండు కాగితాలున్నా రెండూ ఒకే జేబులోవి.

దీన్ని పట్టుకోవడం తేలిక. కొటేషన్ మీద డీలరు సంస్థ పేరు, జీఎస్టీ నంబరు ఉంటాయి. ఒకే రాష్ట్రంలో ఒకే సంస్థకి మామూలుగా ఒకే నంబరు ఉంటుంది. రెండు కొటేషన్ల మీదా అదే కనిపిస్తే విశాఖలో అదే కంపెనీ కార్లమ్మే ఇంకో డీలరుకి ఫోన్ చేయండి. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100కి కాస్త పైన. మొదట ఫోన్లో, వాట్సాప్‌లో కొటేషన్ పంపమనండి, చాలు.

‘అక్కడ కొంటే సర్వీసు ఇక్కడ సరిగ్గా చేయరు’ అని భయపెడతారు. వారంటీ ఇచ్చేది కంపెనీ, డీలరు కాదు. అధీకృత వర్క్‌షాపు ఏ ఊళ్లో ఉన్నా చేయాల్సిందే. ఒకప్పుడు శ్రీకాకుళం బండికి ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 అని నంబరు ప్లేటు చూస్తే జిల్లా తెలిసేది. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చాక ఆ పట్టింపూ లేదు. ఇచ్ఛాపురం వైపు వాళ్లకి ఒడిశాలోని బరంపురం దగ్గర కాబట్టి అక్కడ కనుక్కోవాలనిపిస్తుంది. కనుక్కోండి, తప్పులేదు. కానీ మీరుండేది ఆంధ్రలో కాబట్టి రిజిస్ట్రేషను, లైఫ్ ట్యాక్సు ఇక్కడే. ఆ లెక్క వేసుకున్నాకే లాభమో నష్టమో తేల్చండి.

2. ఒక్కో పద్దూ విడిగా రాయించండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ‘ఆన్‌రోడ్ ఎంత?’ అని, అంటే పన్నులూ బీమా అన్నీ కలిపి ఎంతని అడిగితే ‘పదకొండూ ఇరవై సార్’ అని ఒక్క ముక్కలో చెప్తారు. మనం ‘పదకొండుకి ఇవ్వండి’ అంటాం. వాళ్లు కాసేపు మొహం చిన్నబుచ్చుకుని, లోపలికెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చి, పది వేలు తగ్గిస్తారు. మనం గెలిచామనుకుంటాం. అసలు ఆ పదకొండూ ఇరవైలో పాతిక వేలు ఉండాల్సినవే కావని మనకి తెలియదు.

కాబట్టి తగ్గించమని అడిగే ముందు, షోరూం ముద్రతో కొటేషన్ అడగండి. అందులో పద్దులు మూడు రకాలుగా ఉంటాయి.

ఒకటి, ధరా పన్నులూ. ఎక్స్ షోరూం ధర, అంటే రిజిస్ట్రేషను, బీమా కలపని బండి ధర, కంపెనీ పెట్టింది. జీఎస్టీ అందులోనే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవుండి 1200 సీసీ దాటని పెట్రోలు కార్లకి, 1500 సీసీ దాటని డీజిలు కార్లకి 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకి 5 శాతం. లైఫ్ ట్యాక్సు బండి ధరని బట్టి శ్లాబుల్లో పెరుగుతుంది. బండి విలువ 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. ఇది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్ను వేసేటప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, లేదా వాపసు తీసుకోవచ్చు. వీటిమీద బేరం ఉండదు. కానీ అంకెలు సరిచూసుకోండి, గుండ్రంగా వేసిన అంకె కనిపిస్తే రసీదు అడుగుతానని ముందే చెప్పండి.

రెండు, డీలరు కలిపినవి. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, డిపో చార్జీలు, ‘ఎసెన్షియల్ కిట్’, టెఫ్లాన్ కోటింగు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఊరికే ‘ఇతరములు’. ఎర్ర పెన్ను పట్టుకోవాల్సింది ఇక్కడ. మా మావయ్య ఈ కాగితం చేతిలోకి తీసుకుని, ‘ఏటి బాబూ ఈ హ్యాండ్లింగు? బండిని సంకనేసుకుని తెచ్చారేటి?’ అన్నాడు. ఆ కుర్రాడికి నవ్వాగలేదు. లోపలికెళ్లి వచ్చి, ఆ తొమ్మిది వేల లైను కొట్టేశాడు. అందరూ అంత తేలిగ్గా కొట్టేయరు. ‘ఇది ఏ సేవకి తీసుకుంటున్నారో రాసి, జీఎస్టీ బిల్లు ఇవ్వండి’ అని అడిగి చూడండి, చాలాసార్లు ఆ పద్దు మాయమవుతుంది.

అండర్‌బాడీ కోటింగు గురించి మన జిల్లాల్లో ఒక పాట పాడతారు: ‘సముద్రం గాలి సార్, అడుగు తుప్పు పట్టేస్తుంది.’ కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో బండి ఎప్పుడూ బయటే ఉంటే ఆ మాటలో కొంత నిజముంది. రాజాంలోనో బొబ్బిలిలోనో ఉండేవాళ్లకి దాని అవసరం నాకైతే కనిపించదు. తీరంలో ఉన్నవాళ్లయినా బయట ధర కనుక్కుని చేయించుకోండి. మ్యాట్లు, సీటు కవర్లూ అంతే. హైసెక్యూరిటీ నంబరు ప్లేటు 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండితో కంపెనీయే ఇవ్వాలి, దానికి విడిగా డబ్బు వేస్తే ఎందుకో అడగండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీని మాత్రం వద్దని కొట్టిపారేయను. బండి ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకి పనికొస్తుంది. అయితే మొదటి వారంటీ అయిపోయేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చేమో కనుక్కోండి. చాలా కంపెనీలు ఆ వీలిస్తాయి.

మూడు, మీకు రావాల్సినవి. నగదు తగ్గింపు, ఎక్స్ఛేంజ్ బోనస్, పాత కస్టమరుకి లాయల్టీ బోనస్, ఉద్యోగులకి కార్పొరేట్ తగ్గింపు. వీటిలో చాలావరకు కంపెనీ నుంచి డీలరుకి వచ్చేవే. అడక్కపోతే కొన్ని చెప్పరు, చెప్పినా తమ సొంత జేబులోంచి ఇస్తున్నట్టు చెప్తారు. టీచర్లు, ప్రభుత్వ, బ్యాంకు ఉద్యోగులు గుర్తింపు కార్డు తీసుకెళ్లి ఒక్కోదాన్నీ పేరు పెట్టి అడగండి. ‘కంపెనీ స్కీములన్నీ అయ్యాక, మీ మార్జిన్‌లోంచి ఎంత ఇస్తారు?’ అన్నది ఆఖర్న వేయాల్సిన ప్రశ్న. మన జిల్లాల్లో సైన్యంలో పనిచేసేవాళ్లు, చేసి వచ్చినవాళ్లు ఇంటింటా ఉన్నారు కదా, అలాంటివాళ్లు షోరూంకి వెళ్లే ముందే సీఎస్‌డీ క్యాంటీన్ ధర చూసుకోవాలి. చాలా మోడళ్లకి అంత తక్కువ బయట దొరకదు.

3. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని ఎక్కడా లేదు

కొత్త కారుకి థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) మూడేళ్లకి ఒకేసారి తీసుకోవాలి, 2018 సెప్టెంబర్ నుంచి అది నిబంధన. దాని ప్రీమియం ఏ కంపెనీలో అయినా ఒక్కటే. 2022 నోటిఫికేషన్ ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకి మూడేళ్లకి 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. తేడా అంతా సొంత నష్టానికి తీసుకునే భాగంలో ఉంటుంది. అది ఒక్క ఏడాదికే తీసుకోవచ్చు. ఒకే ఐడీవీ (బీమా కంపెనీ బండికి కట్టే విలువ), ఒకే యాడ్-ఆన్‌లతో ఆన్‌లైన్లో కొటేషన్ తీసి పక్కన పెడితే వేలల్లో తేడా కనిపిస్తుంది. ‘దీనికి సరిపెట్టండి, లేకపోతే నేనే తెచ్చుకుంటాను’ అంటే సాధారణంగా తగ్గుతారు. బయట బీమా అయితే తగ్గింపు కట్ అంటే, ఆ మాట రాసివ్వమనండి.

పాత కారు మీద క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్లు నో క్లెయిమ్ బోనస్ మర్చిపోకండి. అది బండిది కాదు, మీది. 50 శాతం దాకా కొత్త కారు పాలసీకి మారుతుంది.

4. పాత బండి ఊసు ఆఖర్న

పాత కారు, కొత్త కారు ఒకే బేరంలో కలిపితే అక్కడ పెంచి ఇక్కడ తగ్గిస్తారు. కొత్తదాని ధర కాగితం మీదికి వచ్చేదాకా పాతది ఇస్తామని చెప్పకండి. ఆన్‌లైన్ కంపెనీల ధర, ఊళ్లో మధ్యవర్తి చెప్పిన ధర ముందే తెలుసుకుని ఉంచుకోండి. ఎక్కడ ఇచ్చినా ఆర్‌సీ పేరు మారే వరకూ వెంటపడండి. పేరు మారకముందు ఆ బండి ఎవరినైనా గుద్దితే, రికార్డుల్లో యజమానిగా ఉన్నవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. బండి ఇచ్చిన తేదీ, సమయంతో డెలివరీ నోటు తీసుకోండి.

5. ఈఎంఐ మాటల్లో పడకండి

‘నెలకి ఎంత కట్టగలరు సార్?’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పకండి. 8 లక్షల అప్పు 9 శాతం మీద ఐదేళ్లకి తీసుకుంటే నెలకి 16,600 చిల్లర. ఏడేళ్లంటే 12,900లోపే, వినడానికి హాయిగా ఉంటుంది. కానీ మొత్తం వడ్డీ 1.96 లక్షల నుంచి 2.81 లక్షలకి పోతుంది. ‘వడ్డీ ఆరు శాతమే’ అంటే అది ఫ్లాట్ రేటేమో, అంటే బాకీ తీరుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ వేస్తారేమో అడగండి. ఐదేళ్ల అప్పుకి 6 శాతం ఫ్లాట్ అంటే, తగ్గే బాకీ మీద లెక్కేస్తే 11 శాతానికి దగ్గర. ముందుగా మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో మంజూరు చేయించుకుని వెళ్తే షోరూం ఫైనాన్స్ వాళ్లే అంతకంటే తక్కువకి ప్రయత్నిస్తారు.

పంట డబ్బు నగదుగా పట్టుకెళ్లేవాళ్లకి ఒక సంగతి: 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పదు. ఏ మొత్తమైనా సంస్థ ఖాతాకే పంపండి. ‘నా ఫోన్‌పేకి వేయండి సార్, నేను కడతాను’ అనే కుర్రాడు ఎంత మంచివాడైనా సరే, వద్దు.

లీజు, సబ్‌స్క్రిప్షన్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. నెలసరి అద్దె మీద బీమా, సర్వీసుతో కారు ఇచ్చే పద్ధతి అది, ఎక్కువగా పెద్ద నగరాల్లో నడుస్తోంది. ఎవరైనా ఇస్తామంటే మూడు విషయాల మీద బేరమాడండి: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, తిరిగిచ్చేటప్పుడు గీతలకి ఎవరు ఎలా లెక్క కడతారు.

6. ఎప్పుడు వెళ్లాలి?

ఆషాఢం, పుష్యం, శుక్ర మూఢం. షోరూంలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడని రోజులవి. నెలాఖరు కూడా అందులోనే పడితే ఇంకా మంచిది, వాళ్లకి టార్గెట్ల టెన్షన్. దసరా, సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలో బేరమాడటం శుద్ధ దండగ. పట్టింపు ఉన్నవాళ్లు మూఢంలో ధర ఖరారు చేసుకుని, మంచిరోజు వచ్చాక డెలివరీ తీసుకోండి. ఈలోపు కంపెనీ ధర పెంచినా పాత ధరకే ఇస్తారా అన్నది బుకింగ్ కాగితం మీద రాయించుకోవాలి. బుకింగ్ రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారన్నదీ అందులోనే ఉండాలి.

డిసెంబరు, జనవరిలో తగ్గింపు బాగా ఇస్తున్నారంటే ముగుస్తున్న లేదా ముగిసిన ఏడాదిలో తయారైన బండి కావచ్చు. చాలా కంపెనీల కార్లకి 17 అక్షరాల చాసిస్ నంబరులో పదోది తయారీ ఏడాదిని చెప్తుంది: 2024కి ఆర్, 2025కి ఎస్, 2026కి టీ. బండితో కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం ఫారం 22 మీద తయారీ నెల కూడా ఉంటుంది. పాత ఏడాది బండి తీసుకోవడం తప్పేం కాదు, పదేళ్లు వాడుకునేవాళ్లకి నిజంగా లాభమే. రెండు మూడేళ్లలో అమ్మేసేవాళ్లకి మాత్రం ఆ తగ్గింపు తిరిగి అమ్మేటప్పుడు పోతుంది.

7. ఆఖరి రూపాయి కట్టే ముందు బండిని చూడండి

రిజిస్ట్రేషనుకి ముందే, పగటి వెలుతురులో, యార్డుకి వెళ్లి చూడండి. చాసిస్ నంబరు మీ కాగితాల్లో రాసినదేనా, మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోంది, తలుపుల అంచుల్లో రంగు తేడా ఉందా. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది, 1825 అంటే 2025లో 18వ వారం తయారైందని. తేడా కనిపిస్తే ఇంకో బండి అడగండి. రిజిస్టరయ్యాక మీ మాటకి ఆ బలం ఉండదు.

మాట తప్పితే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు రాసుకుంటుంది. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది, మీరు కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అక్కడికి వెళ్లాల్సి వస్తే మీరు రాయించుకున్న ఆ కొటేషనే సాక్ష్యం.

డెలివరీ రోజు రెండో తాళంచెవి, ఇన్వాయిస్, బీమా కాగితం, ఫాస్టాగ్ అడిగి తీసుకోండి. నిమ్మకాయలు మీవే తెచ్చుకోండి. కొత్త బండిలో పెట్రోలు పక్క బంకు దాకా వెళ్లేంతే పోస్తారు, కాబట్టి ముందు బంకుకి, తర్వాత అరసవల్లికో పైడితల్లి గుడికో.