బెంగళూరులో స్టేషన్‌కి రమ్మని ఫోన్ వస్తే

పోయినేడు మా వీధి పీజీలో ఉండే కదిరి కుర్రాడు పార్కింగ్ దగ్గర ఎవరితోనో గొడవపడ్డాడు. స్టేషన్‌కి పిలిస్తే ఒక్కడే వెళ్లాడు. కాగితం ముందు పెట్టి "ఇల్లి సహి హాకి" అన్నారట. కన్నడ లిపి మనదానికి దగ్గరే కదా, కూడబలుక్కుని చదివాడు, సగం అర్థమైంది, సంతకం పెట్టేశాడు. రాత్రి ఫోన్‌లో ఫొటో చూపించి "అన్నా, రాజీ అయిపోయింది" అన్నాడు. చివరి వరుసలో "ఒప్పికొండిరుత్తేనె" అని ఉంది. రాజీకి ఒప్పుకున్నాననుకున్నాడు వాడు. నిజానికి కొట్టింది తనేనని, ఆసుపత్రి ఖర్చంతా తనదేనని ఒప్పుకున్న ముచ్చళికె అది. మన ముచ్చలికే, అంటే రాసిచ్చే ఒప్పుదల పత్రం. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో అది సాక్ష్యంగా చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. అయినా ఆ కాగితం చూపించి అవతలివాళ్లు వాణ్ణి మూడు నెలలు డబ్బుల కోసం పీడించారు.

అందుకే అన్నిటికన్నా ముందు ఇది చెబుతున్నాను: చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. "సార్, నాకు కన్నడ చదవడం రాదు, లాయర్‌కి చూపించి పెడతాను" అని మర్యాదగా చెప్పండి. విచారణలో మీరు చెప్పింది పోలీసులు రాసుకోవచ్చు గానీ, ఆ వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. మీ ఫోనో బండో స్వాధీనం చేసుకుంటే మహజరు, అంటే పంచనామా రాస్తారు. దాని నకలు అడిగి తీసుకోండి.

ఫోన్ రాగానే అవతలి మనిషి పేరు, హోదా, స్టేషన్ అడిగి రాసుకోండి. మీరే స్టేషన్ నంబరు వెతికి తిరిగి చేయండి. వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్ట్" అంటే పెట్టేయండి, అలాంటిది మన చట్టంలోనే లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఆ తర్వాత తెలుసుకోవాల్సింది, ఎఫ్ఐఆర్ అయిందా, వట్టి ఫిర్యాదేనా అని. ఎఫ్ఐఆర్ అయి ఉంటే దాని నంబరు, సెక్షన్లు అడగండి. లైంగిక నేరాల వంటి సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకి ఐపీసీ సెక్షన్లు లేవు. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318(4). సెక్షన్ చేతికొస్తేనే అది బెయిలబులో (బెయిల్ హక్కుగా దొరికేదో) కాదో లాయర్ చెప్పగలరు.

అరెస్టు అక్కర్లేదనుకుంటే పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. దాన్ని వాట్సాప్‌లో పంపితే సరిగా అందించినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని చూసీ చూడనట్టు ఊరుకోకండి, లాయర్‌ని పట్టుకోండి. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసిపెడితే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే ఆ రక్షణ మీరే పోగొట్టుకున్నట్టు.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఇంట్లో భయపడి "నాలుగు రోజులు ఊరికొచ్చెయ్ నాయనా" అంటారు. రాత్రి బస్సెక్కితే పారిపోయాడని రాసుకుంటారు, ముందస్తు బెయిల్ అడిగినప్పుడు అదే అడ్డొస్తుంది. చాట్‌లు చెరిపేయడం కూడా అంతే, సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో కేసు అవుతుంది. ఫిర్యాదు చేసినవాళ్లకి ఫోన్ చేసి బతిమాలినా, బెదిరించారని మార్చి చెప్పే వీలుంటుంది.

అరెస్టే చేస్తే కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. తెలుగులో అడగడానికి మొహమాటపడకండి. అరెస్టు మెమోలో టైము సరిగా వేశారో లేదో చూడండి, ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇంట్లోవాళ్లకి కబురు చేయించుకోవడం, విచారణ మధ్యలో లాయర్‌ని కలవడం మీ హక్కులు. ఆడవాళ్లను, అసాధారణ పరిస్థితిలో తప్ప, పొద్దుగూకాక అరెస్టు చేయకూడదు.

లాయర్‌కి డబ్బుల్లేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలో కర్ణాటక న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఆఫీసు ఉంది.

చివరగా షూరిటీ. బెయిల్ వచ్చాక కూడా జామీను నిలబడే మనిషి లేక లోపలే ఉండిపోయేవాళ్లుంటారు. ఈ ఊళ్లో సొంత ఇల్లో, స్థిరమైన ఉద్యోగమో ఉన్న మామయ్యో, పాత ఇంటి ఓనరో ఉంటే, ఆయన నంబరు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసి రూమ్మేట్ చేతికివ్వండి. లోపలికి పంపేటప్పుడు ఫోన్ బయటే పెట్టమనొచ్చు.