పెట్టడాలన్నీ 'పుట్' కావు

కడప, అనంతపురం వైపు ఇంగ్లీషు కొత్తగా మాట్లాడేవాళ్ల నోట 'పుట్' అవసరానికి మించి వస్తుంటుంది. కారణం మన 'పెట్టు'. సంతకం పెడతాం, కేసు పెడతాం, అంగడి పెడతాం, ఇంటికొచ్చినోళ్లకు సంగటి పెడతాం. ఇంగ్లీషులో వీటికి మామూలుగా పుట్ వాడరు. సంతకానికి సైన్, కేసుకు ఫైల్, అంగడికి ఓపెన్, సంగటికి సర్వ్. 'పుట్ ద ఫ్యాన్' అని ఆపేస్తే అర్థం కాదు, 'ఆన్' కూడా ఉండాల్సిందే.

ఈ క్రియ సత్తువంతా వెనక తగిలే చిన్న మాటల్లోనే ఉంది. పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం, పుట్ ఆన్ వెయిట్ అంటే ఒళ్లు చేయడం, పుట్ అవుట్ అంటే మంట ఆర్పడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. దాని తర్వాత ఇంకో క్రియ వస్తే 'ఇంగ్' చేరాలి: 'డోంట్ పుట్ ఆఫ్ పేయింగ్ ద బిల్'. అక్కడ 'టు పే' తప్పు.

ఎక్కువమంది తడబడేది 'ఇట్' దగ్గర. 'పుట్ ద మీటింగ్ ఆఫ్', 'పుట్ ఆఫ్ ద మీటింగ్' రెండూ సరే. మీటింగ్ బదులు ఇట్ వస్తే మాత్రం అది నడుమనే ఉండాలి: 'పుట్ ఇట్ ఆఫ్'. భరించడం అనే అర్థమిచ్చే 'పుట్ అప్ విత్'ను అసలు విడదీయకూడదు. కర్నూలు ఎండకు తాళలేకపోతే 'ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ హీట్' అనాలి.

భూతకాలంలోనూ రూపం 'పుట్' మాత్రమే, 'పుట్టెడ్' లేదు. 'హి పుట్స్' అంటే రోజూ చేసే పని, 'హి పుట్' అంటే జరిగిపోయింది.