వాన పడకముందే బండి కడగండి, ఆయిల్ ఎక్కడ కారుతోందో చూడండి

ఒడిశా ఆడపిల్లలు ముస్తాబై జరుపుకునే రజో పండగ దగ్గర పడుతోందంటే, ఆంధ్రా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో వాన కబుర్లు మొదలవుతాయి. జూన్ మధ్యలో పండగ, దాని వెనకే ముసురు. ఆర్.ఉదయగిరి వైపు ఘాట్ ఎక్కేవాళ్లూ, రోజూ పాతపట్నం వెళ్లొచ్చేవాళ్లూ ఈలోపే మోటార్‌సైకిల్ సంగతి చూసుకోవాలి. ఇంజన్ కింద నూనె మరక కనిపిస్తున్నా "పాత బండి కదా, కారదా మరి" అని వదిలేస్తుంటాం. ఆ నూనె వెనక టైరుకో, బ్రేకుకో అంటుకుంటే తడి ఘాట్ రోడ్డు మలుపులో బండి మన మాట వినదు.

పోయినేడాది నా 150 సీసీ బండి కింద రోజూ రూపాయి బిళ్లంత మరక పడేది. సరిగ్గా డ్రెయిన్ బోల్ట్, అంటే పాత ఆయిల్ దించే బోల్ట్ కిందే. ఒక షాపులో వాషర్ మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే మరక. ఒళ్లు మండి నేనే స్పానర్ పట్టి బలం కొద్దీ బిగించాను, మరలు పోయాయి. ఇంజన్ కేస్ అల్యూమినియం, బోల్ట్ ఇనుము, ఎవరు ఓడతారో వేరే చెప్పాలా? తీరా చూస్తే కారుతున్నది పైన ట్యాపెట్ కవర్ (ఇంజన్ తల మీది మూత) దగ్గర. అక్కడి అతుకులో నూనె కారకుండా పెట్టే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడిపోయింది. నూనె ఫిన్స్ (ఇంజన్ చల్లబడేందుకు ఉండే రెక్కలు) సందుల్లోంచి సన్నగా దిగి, కేస్ అంచు పట్టుకుని పాకి, బోల్ట్ కొసన చుక్కై వేలాడుతోంది. బండి నడుస్తుంటే గాలికి ఇంకా వెనక్కి కూడా చిమ్ముతుంది. కాబట్టి చుక్క రాలేచోటు చూసి లీకు తేల్చేయకండి.

ముందు కడగాలి. ఎర్రమట్టి, గ్రీజు, నూనె కలిసి పేరుకున్న ఇంజన్ మీద లీకు ఎవరికీ దొరకదు. తిరిగొచ్చిన వెంటనే మాత్రం నీళ్లు కొట్టొద్దు. కనీసం అరగంట ఆరనివ్వండి. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పడితే లోహానికి దెబ్బ, ఎగసే ఆవిరి మన చేతికి దెబ్బ. సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, స్టార్ట్ చేసే ముందు తీయడం మరవకండి. తాళం రంధ్రం, స్విచ్‌లు, ఎయిర్ ఫిల్టర్ నోరు, స్పార్క్ ప్లగ్, చక్రాల బేరింగులు, వీటి మీదికి ప్రెషర్ గన్ నేరుగా పెట్టకూడదు. షాంపూ నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. పెట్రోలుతో తుడవడం నిప్పుతో ఆటే. డీజిల్ కొట్టించుకుంటే ఆ పూటకి తళతళలాడుతుంది గానీ రబ్బరు పాడవుతుంది, బ్రేకుల మీద పడితే అవి పట్టవు. బండిని ఏట్లోకి దించి కడిగే అలవాటు కూడా ఇక చాలించాలి.

చైన్ శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ ఆఫ్, గేరు న్యూట్రల్, చక్రం చేత్తోనే తిప్పాలి. గేరులో వేసి తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పట్టారంటే ముందు గుడ్డ పోతుంది, దాని వెనకే వేళ్లు.

ఇంజన్ పూర్తిగా ఆరాక మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి, అనుమానం ఉన్న అతుకులన్నిటి మీదా పల్చగా చల్లండి. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "రజోకి ముస్తాబు ఆడపిల్లలకే అనుకున్నాను, మీ బండికి కూడానా?" అంది. నవ్వితే నవ్వనివ్వండి. కింద తెల్ల అట్టముక్క పరిచి, పది నిమిషాలు ఇంజన్ నడపండి. ఇది ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో పొగ వాసన తెలిసేలోపే ప్రాణం మీదికి తెస్తుంది. తెల్లటి పౌడర్ మీద తడి గీత పడుతుంది. ఆ గీతలో అన్నిటికంటే పైన, ముందువైపు తడిసినచోటే మీ లీకు.

రంగూ వాసనా కూడా చూడండి. గోధుమరంగో నలుపో అయితే ఇంజన్ ఆయిల్. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టం మీద తడి ఉంటే ఫోర్క్ సీల్ పోయింది. ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) చుట్టూ ఉన్న జిడ్డు చాలాసార్లు చైన్ నూనే, కంగారు పడక్కర్లేదు. పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు, పెట్రోలు ట్యాప్ కట్టేసి మెకానిక్‌ని ఇంటికే పిలవండి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్‌కి పాల టీలా తెల్లటి నూనె అంటితే లోపలికి నీళ్లు చేరినట్టే.

ఆయిల్ ఎక్కువ పోసినా ఒత్తిడి పెరిగి అతుకుల్లోంచి కక్కుతుంది. అందుకే బండిని చదునైన చోట నిలబెట్టి, మాన్యువల్‌లో చెప్పినట్టే కొలత చూడండి. కారుతోంది కదా అని పైన పోస్తూ పోకండి. గ్యాస్కెట్, సీల్ మార్చే పని మెకానిక్‌కి వదిలేయండి, కానీ పౌడర్ తుడవకుండా తీసుకెళ్లండి. గీత చూపిస్తే బేరం కూడా తేలికవుతుంది.

కడిగిన వెంటనే బ్రేకులు పట్టవు. వీధి చివరి దాకా మెల్లగా పోనిస్తూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి తడి ఆర్చుకోండి. తీసిన పాత నూనె డబ్బాలో పోసి షాపులో ఇచ్చేయండి. కాలవలో పారబోస్తే అది వానతో పాటే మహేంద్రతనయ నదిలో కలుస్తుంది.