రాత్రి డ్యూటీలో తికమక పెట్టే కేసులు: లక్షణం, అసలు కారణం, చేయాల్సిన పని

కర్నూలు, అనంతపురం, కడప ఆసుపత్రుల్లో కొత్తగా రాత్రి డ్యూటీలు చేస్తున్న హౌస్ సర్జన్ల కోసం, పల్లె పీహెచ్‌సీల్లో ఒంటరిగా కేసులు చూసే డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. మనం వింత కేసులని చెప్పుకునేవాటిలో చాలావరకు వింత జబ్బులు కావు. మన సీమలో ఎప్పుడూ ఉండేవే. అడగాల్సిన ప్రశ్న అడగక, చూడాల్సిన చోట చూడక మనమే వాటిని వింత చేస్తాం.

బాగానే పడుకున్న మనిషికి తెల్లారుజామున కడుపునొప్పి, ఆపైన రెప్పలు వాలడం

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు. వానాకాలం. తెల్లారి నాలుగింటికి ఒక కుర్రాణ్ణి కడుపునొప్పని తెచ్చారు. గ్యాస్ అనుకుని ఇంజక్షన్ వేసి పడుకోబెట్టాను. ఆరింటికి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. "సారూ, పిల్లోడు కండ్లు తెరవల్యాకపోతాండాడు. నిద్రేమో అనుకుంటి." అప్పటికే మాట ముద్దగా వస్తోంది, గుటక పడటం లేదు. మా సీనియర్ వచ్చి ఒక్కటే అడిగారు: "అమ్మా, రాత్రి యాడ పండుకున్నాడు?"

"కల్లంలో సారూ. పట్ట పరుచుకొని కిందనే."

కట్లపాము. దాని కోరలు చిన్నవి. కాటేసినచోట వాపు ఉండదు, నొప్పి కూడా పెద్దగా తెలీదు, గుర్తు వెతికినా దొరక్కపోవచ్చు. నిద్రలో ఉన్నవాడికి పాము కరిచిన సంగతే తెలియదు. విషం నరం చివర, కండరానికి సందేశం వెళ్లే చోట దెబ్బకొడుతుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. రక్తం గడ్డకడుతోందా అని చూసే ఇరవై నిమిషాల పరీక్ష మామూలుగానే వస్తుంది, అది చూసి పాము కాదని తేల్చేయకండి.

ఏం చేయాలి: నేలమీద పడుకున్నవాడికి పొద్దున్నే రెప్పలు వాలితే, గుర్తు లేకపోయినా పాముకాటు కిందే లెక్కగట్టండి. పాము విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనమ్ పది వయల్స్‌తో మొదలుపెట్టండి. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కనే ఉంచుకోండి. కండరాలకు బలం తెప్పించే నియోస్టిగ్మిన్ ఇంజక్షన్ నాగుపాముకు పనిచేసినట్టు కట్లపాముకు పనిచేయదు. నరానికి అప్పటికే పట్టిన విషాన్ని విరుగుడు మందు కూడా వదిలించలేదు కాబట్టి, ఊపిరి తగ్గకముందే ట్యూబు వేయాలి. వెంటిలేటర్ లేని చోటైతే చేత్తో ఊపిరి పంపే అంబూ బ్యాగ్ నొక్కుతూనే పెద్దాసుపత్రికి చేర్చాలి.

ఇంకో సంగతి ఎవరూ మరిచిపోకూడదు. విషం బాగా ఎక్కినవాడి కనుపాపలు పెద్దవై వెలుతురుకు కదలకపోవచ్చు. చూస్తే బ్రెయిన్ డెడ్ అనిపిస్తుంది. కాదు, లోపల స్పృహ ఉంటుంది. ఆ కుర్రాడు నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి లేచాక, "ఇంక లాభం లేదేమో" అని నేను నర్సమ్మతో అన్న మాటను నాకే తిరిగి చెప్పాడు. ఆ రోజు నుంచి వెంటిలేటర్ మీదున్న మనిషికి ఏం చేస్తున్నామో చెప్పి చేస్తాను.

పొద్దున లేచేసరికి కాళ్లూ చేతులూ ఎత్తలేకపోవడం, రెప్పలు మాత్రం బాగానే ఉండటం

వయసు కుర్రాడు, ముందురోజు పెళ్లిలో కడుపునిండా తిన్నాడు. ఇది ఎక్కువసార్లు రక్తంలో పొటాషియం పడిపోవడమే. ఈసీజీ తీయండి, పొటాషియం చూడండి, గుండె లయ గమనిస్తూ నిదానంగా ఎక్కించండి. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ బాటిల్ పెడితే పొటాషియం ఇంకా దిగుతుంది. తేరుకున్నాక థైరాయిడ్ పరీక్ష రాయండి.

ముఖం, నాలుక, గొంతు వాపు. అలర్జీ ఇంజక్షన్లకు తగ్గకపోవడం

రాయలసీమ వార్డులకు ఇది కొత్త కాదు, కొత్త డాక్టరుకే కొత్త. ఎవిల్, స్టెరాయిడ్ ఇచ్చి ఎదురుచూస్తాం, వాపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు మూత్రం చూడండి. నల్లటి టీ డికాక్షన్ రంగులో ఉంటే తలకు వేసే రంగు లోపలికి పోయిందేమో అనుమానించాలి. అందులోని పారాఫినైలిన్‌డయామిన్ గొంతును వాపెక్కిస్తుంది, కండరాలను కరిగిస్తుంది. కరిగిన కండరం కిడ్నీకి అడ్డం పడుతుంది. గుండె కూడా దెబ్బతినవచ్చు.

ఇంటివాళ్లు "ఏమీ తాగలేదు సార్" అంటారు. భయం, పరువు. అందరినీ బయటికి పంపి, ఒక నర్సమ్మను పక్కన కూర్చోబెట్టి మెల్లగా అడిగించండి. గద్దించకండి. గద్దిస్తే ఆ మాట రాదు, మాట రాకపోతే ప్రాణం పోతుంది.

దీనికి విరుగుడు మందు లేదు. ఈఎన్‌టీ డాక్టరును ముందే పిలవండి. వాపు ముదిరాక ట్యూబు దిగదు, గొంతుకు రంధ్రం చేయాల్సి వస్తుంది. సెలైన్ బాగా ఎక్కించి గంటగంటకు మూత్రం కొలవండి. ఇక్కడ పొటాషియం పెరుగుతుంది, అందుకే ఈసీజీ మళ్లీ మళ్లీ తీయాలి. మూత్రం తగ్గితే డయాలసిస్ ఆలస్యం చేయకండి. కోలుకున్న మనిషిని మానసిక వైద్యుడు చూడకుండా ఇంటికి పంపవద్దు.

వారం దాటిన జ్వరం. డెంగీ, మలేరియా లేవు, ప్లేట్‌లెట్లు తక్కువ, యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగడం లేదు

విడాల్ పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ రాసేస్తాం. బట్టలు తొలగించి చూడండి: చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం మడతల్లో. బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు, నొప్పి లేకుండా ఉంటే స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి (మంచం నల్లి కాదు, మైట్ అనే సన్న పురుగు) పిల్లలు కుడితే వస్తుంది. ఆడవాళ్లను పరదా వేసి, ఆడ సిబ్బందిని తోడుంచుకుని చూడాలి. మొహమాటపడితే పొక్కు దొరకదు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణికైతే అజిత్రోమైసిన్. రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది.

మెడ తిరగదు, నడుం వంగదు, కాళ్లు బిగుసుకుపోతున్నాయి

వెన్ను టీబీ అనో, కీళ్లవాతం అనో నెలల తరబడి మందులు మింగినవాళ్లు వస్తారు. ఎక్స్‌రేలో ఎముకలు మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుని ఉంటుంది. అడగాల్సింది: "మీ వీధిలో ఇంకెవరన్నా ఇట్ల ఉండారా? ఏ బోరు నీళ్లు తాగుతారు?"

ఫ్లోరోసిస్. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ముదిరిన ఎముకను మందు మార్చలేదు, వెన్నుపాము నలిగితే ఆపరేషన్ అవసరం కావచ్చు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు ఒక సీసాలో తెప్పించి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపమని చెప్పండి. ఇలా వచ్చిన పెద్దవాళ్ల వెంట మనవడో మనవరాలో వచ్చి ఉంటే నోరు తెరవమనండి. పళ్లమీద సుద్ద మచ్చలో గోధుమరంగు చారలో కనిపిస్తే, ఆ ఇంట్లో ముందుగా నీళ్లు మార్చాల్సింది ఆ బిడ్డకు.