సక్కొటాష్ చేసేటప్పుడు కండెలు పారేయకండి

అమెరికా ఈశాన్య ప్రాంతపు మూలవాసులైన నర్రగన్సెట్ ప్రజల నుంచి వచ్చిన వంట సక్కొటాష్. మొక్కజొన్న, లైమా బీన్స్ (చిక్కుడు లాంటి వెడల్పాటి గింజలు) కలిపి చేస్తారు. గింజలు కోసుకుని కండెలు పారేస్తే సగం రుచి వాటితోనే పోతుంది.

నలుగురికి నాలుగు స్వీట్‌కార్న్ పొత్తులు చాలు. గింజలు కోశాక కత్తి వెనకవైపుతో కండెను గట్టిగా గీస్తే పాలు దిగుతాయి, వాటిని గిన్నెలోకి పట్టండి. కండెలను విరిచి మూడు కప్పుల నీళ్లలో 20 నిమిషాలు మరిగించి తీసేయండి. ఆ నీళ్లలోనే ఒకటిన్నర కప్పు ఫ్రోజెన్ లైమా బీన్స్, అర చెంచా ఉప్పు వేసి సన్నని సెగమీద 15 నిమిషాలు ఉడికించాలి. సెగ పెంచితే తొక్కలు ఊడి బీన్స్ పిండైపోతాయి.

బాణలిలో రెండు టేబుల్ స్పూన్ల వెన్న వేసి ఉల్లి తరుగు మెత్తబడనివ్వండి. మొక్కజొన్న గింజలు వేసి నాలుగు నిమిషాలు వేయించి, బీన్స్, అర కప్పు కండె నీళ్లు, ఆ పాలు పోయండి. పాలలోని పిండి వల్ల రెండు నిమిషాల్లోనే చిక్కబడుతుంది. అక్కడ ఆపేయాలి, ఇంకా ఉడికితే గింజలు గట్టిపడతాయి. టమాటా కావాలంటే చివర్లోనే వేయండి. పులుపు ముందే తగిలితే బీన్స్ త్వరగా మెత్తబడవు.

ఎండు లైమా బీన్స్ అయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, విడిగా పూర్తిగా ఉడికించాలి. పచ్చిగా తినకూడదు. హైదరాబాద్‌లోనో కడపలోనో లైమా బీన్స్ దొరక్కపోతే చలికాలపు పచ్చి అనపగింజలు చక్కగా కుదురుతాయి.