ఈఎస్ఐ నిరుద్యోగ భృతి క్లెయిమ్ రిజెక్ట్ అయితే మళ్లీ అడిగే విధానం

నెల్లూరు పక్కన ఒక రొయ్యల కంపెనీలో వలిచే పనికి వెళ్లే మా చిన్నమ్మ కూతురికి ఉన్నట్టుండి పని పోయింది. ఎవరో చెబితే ఈఎస్ఐలో, అంటే కార్మిక రాజ్య బీమా సంస్థలో, నిరుద్యోగ భృతికి అర్జీ పెట్టింది. కొన్నాళ్లకు రిజెక్ట్ అని వచ్చింది. "అక్కా, ఇంక రాదంట, వదిలేద్దాం" అని ఫోన్ చేసింది. వదిలేయొద్దన్నాను. తీరా ఆరా తీస్తే, కంపెనీలో లెక్కలు చూసే అతను ఆన్‌లైన్‌లో ఆమె పేరు పక్కన "లెఫ్ట్ సర్వీస్" అని పెట్టాడు. అంటే తనంతట తానే మానేసిందని అర్థం. ఆమె మానేయలేదు. గేటు దగ్గరే ఆపి, రేపటి నుంచి రావద్దన్నారు.

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు పొగాకు గ్రేడింగ్‌లో, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్‌లో, నెల్లూరు బట్టల షాపుల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే ఎంతోమందికి జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంది. మన వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ డబ్బు ఆసుపత్రి మందులకేనని చాలామంది అనుకుంటారు. పని పోయినప్పుడు ఆదుకునే పథకం కూడా అందులో ఉంది. దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. అప్పట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు, కరోనా సమయంలో 2020 నుంచి దాన్ని 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారి మాత్రమే వస్తుంది. పథకం గడువును విడతలవారీగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, మీకు పని పోయిన తేదీ ఆ గడువు లోపల ఉందా అన్నది ముందుగా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి.

ఎంత వస్తుందో ఒక లెక్క చెబుతాను. నెలకు 10,950 రూపాయల జీతం అనుకుందాం. రెండేళ్ల సంపాదన 2,62,800. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 360. అందులో సగం 180. 90 రోజులకు 16,200 రూపాయలు. పని లేని ఇంట్లో అది మూడు నెలల బియ్యం, అద్దె. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ముందు కారణం కాగితం మీద తీసుకోండి

రిజెక్ట్ అయిందని నోటిమాటగా చెబితే వెనక్కి రావద్దు. ఏ నిబంధన కింద ఆపారో రాతపూర్వకంగా ఇవ్వమని బ్రాంచి మేనేజర్ పేరున ఒక చిన్న అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మనం రాసే అప్పీలు ఆ కారణానికి జవాబుగా ఉండాలి. కారణం తెలియకుండా "నేను పేదవాడిని, దయచూడండి" అని నాలుగు పేజీలు రాసినా ఆ ఫైలు కదలదు.

ఆ తర్వాత ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో బీమా వ్యక్తి లాగిన్‌కు వెళ్లండి. పది అంకెల ఐపీ నంబరు (మీ ఈఎస్ఐ బీమా నంబరు) ఉంటే చాలు, ఏ నెలలో ఎన్ని రోజులకు చందా (మీ కోత, యజమాని వాటా) కట్టారో అక్కడ కనిపిస్తుంది. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లోనూ చూడొచ్చు. ప్రింటు తీసి, మీ జీతం చీటీలతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో నెల నెలా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

ఎక్కువగా ఆగేది ఎక్కడ

మొదటిది మా చెల్లెలి సంగతే, పని మానిన కారణం. యజమాని నెల నెలా చందా నింపేటప్పుడు, పని ఆగినవారి పక్కన ఒక కోడ్ ఎంచుకోవాలి. లెఫ్ట్ సర్వీస్‌కు 2, రిట్రెంచ్‌మెంట్‌కు (యజమానే పని లేదని తీసేయడం) 10. చాలాచోట్ల అకౌంటెంట్లు అలవాటుగా 2 కొట్టేస్తారు. స్వచ్ఛందంగా మానినవారికి, క్రమశిక్షణ చర్య కింద తీసేసినవారికి, రిటైరైనవారికి ఈ పథకం వర్తించదు. అందుకే ఆ ఒక్క అంకె క్లెయిమ్ మొత్తాన్ని ఆపేస్తుంది. ఇలా జరిగితే, పని తగ్గి తీసేశామని, కోడ్ పొరపాటున పడిందని యజమాని దగ్గర లెటర్‌హెడ్ మీద ఉత్తరం అడగండి. మా చెల్లెలి విషయంలో రెండుసార్లు తిరిగాక ఇచ్చారు, దాంతోనే పని జరిగింది. ఇవ్వకపోతే సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజ్, ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం, మీతోపాటు ఆపేసిన తోటివాళ్ల రాతపూర్వక వాంగ్మూలం, లేబర్ ఆఫీసులో మీరిచ్చిన ఫిర్యాదు కాపీ జతచేయండి. ఇంకొక మాట. ఫైనల్ సెటిల్‌మెంట్ ఇస్తామంటూ రాజీనామా మీద సంతకం పెట్టించుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. తీసేస్తే తీసేసినట్టే రాయమనండి. ఆ సంతకం తర్వాత మీ మీదికే సాక్ష్యంగా వస్తుంది.

రెండోది 78 రోజుల లెక్క. పని పోయేనాటికి రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి. దాంతోపాటు, పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులు, దానికి ముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా పడి ఉండాలి. చందా కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. 2025 నవంబర్‌లో పని పోయిందనుకోండి, చూసేది 2025 ఏప్రిల్-సెప్టెంబర్ కాలాన్ని. అక్టోబర్, నవంబర్‌లలో ఎన్ని రోజులు చేసినా ఆ 78లో కలవవు. రొయ్యల కంపెనీల్లో సరుకు లేని నెలల్లో పని దినాలు పడిపోతాయి కాబట్టి, చాలామంది ఇక్కడ ఐదారు రోజుల తేడాతో దెబ్బతింటారు. నిజంగానే తక్కువైతే అప్పీలు నిలవదు, ఆ మాట ముందే చెప్పడం మంచిది.

అయితే మీరు పని చేసి, జీతంలో కోత పడి, యజమాని మాత్రం కట్టకపోతే సంగతి వేరు. పాత ఈఎస్ఐ చట్టం 1948లో సెక్షన్ 68 అని ఒకటుండేది. యజమాని చందా కట్టనందువల్ల కార్మికుడికి ప్రయోజనం అందకపోతే, ఈఎస్ఐ కార్పొరేషన్ ఆ ప్రయోజనాన్ని కార్మికుడికి చెల్లించి, యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని అందులో ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. అర్జీలో ఈ విషయం పేరు పెట్టి రాయండి. కోత కనిపించే జీతం చీటీలు, హాజరు కార్డు, పీఎఫ్ పాస్‌బుక్ జతచేయండి. చీమకుర్తి వైపు ఒక సంగతి గమనించాలి. పాత చట్టం ప్రకారం గనులు ఈఎస్ఐ ఫ్యాక్టరీల లెక్కలోకి వచ్చేవి కావు. పాలిషింగ్ యూనిట్‌లో చేసినా జీతం క్వారీ ఖాతాలో రాసి ఉంటే చందా ఎక్కడా కనబడదు. మీరు ఏ షెడ్‌లో, ఏ మెషిన్ మీద చేశారో రుజువు చూపాల్సి వస్తుంది.

మిగిలినవి చిన్నవి. ఆధార్‌లో పేరు ఒకలా, ఐపీ రికార్డులో మరోలా ఉండటం, బ్యాంకు ఖాతా కలపకపోవడం, పని పోయిన 30 రోజులు నిండకముందే క్లెయిమ్ పెట్టడం. వీటికి అప్పీలు అక్కర్లేదు. సరిచేసి మళ్లీ పెట్టుకోవడమే.

కంపెనీ మొత్తంగా మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా ఈఎస్ఐలోనే ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కూడా చూడండి. అందులో మొదటి 12 నెలలు జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం వస్తుంది. రెండూ ఒకేసారి తీసుకోలేరు. అర్హత ఉండి కూడా తెలియక 90 రోజుల పథకంతో సరిపెట్టుకున్నవాళ్లున్నారు, నాకు బాధేస్తుంది.

అర్జీ ఎలా రాయాలి

ఒక పేజీ చాలు. తెలుగులోనే రాయండి. పైన ఐపీ నంబరు, క్లెయిమ్ తేదీ, రిజెక్ట్ ఉత్తరం తేదీ. తర్వాత ఇలా:

"నేను ఫలానా కంపెనీలో ఫలానా తేదీ వరకు పనిచేశాను. నా క్లెయిమ్‌ను నేనే ఉద్యోగం మానేశానన్న కారణంతో తిరస్కరించారు. ఇది వాస్తవం కాదు. పని లేదని యాజమాన్యమే నన్ను ఆపివేసింది. ఆధారాలుగా 1 నుంచి 4 వరకు పత్రాలు జతచేశాను. రికార్డు సరిచేసి, నా క్లెయిమ్‌ను తిరిగి పరిశీలించి మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. మీ నిర్ణయాన్ని కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఆ చివరి వాక్యం వదలొద్దు. ఒరిజినల్స్ ఎక్కడా ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి. తెలియని విషయం ఊహించి రాయొద్దు. తప్పుడు ప్రకటన ఇస్తే శిక్ష పడుతుంది, ఈ పథకానికి అర్హత కూడా పోతుంది.

మొదటి కాపీ మీ బ్రాంచి ఆఫీసుకు. అక్కడ కదలకపోతే, దాని మీద ఉన్న ప్రాంతీయ అధికారికి అదే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఎవరికి పంపాలో చిరునామా బ్రాంచి నోటీసు బోర్డు మీద చూడండి. ఈఎస్ఐ టోల్‌ఫ్రీ 1800-11-2526. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లోనూ పెట్టొచ్చు. అక్కడ ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలన్నది 2024లో ఇచ్చిన ఆదేశం. జవాబు నచ్చకపోతే ఆ పోర్టల్‌లోనే అప్పీలు చేసే వీలుంది.

కారణమే చెప్పకుండా తిప్పుతుంటే సమాచార హక్కు దారి పట్టండి. పది రూపాయల ఫీజు, తెల్ల రేషన్ కార్డు లాంటి బీపీఎల్ రుజువు ఉంటే అదీ అక్కర్లేదు. "నా క్లెయిమ్ ఫైలులోని నోట్ షీట్లు, రిజెక్షన్ ఆదేశం కాపీలు ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలులో ఏ అధికారి ఏం రాశారో చేతికొస్తే అప్పీలు సగం తయారైనట్టే.

ఇవన్నీ అయ్యాక కూడా కాదంటే, ఈఎస్ఐ ప్రయోజనాల వివాదాలు తేల్చేందుకు ఉద్యోగుల బీమా కోర్టు ఉంది. పాత చట్టం ప్రకారం వివాదం మొదలైన నాటి నుంచి మూడేళ్లలోపు వెళ్లాలి. క్లెయిమ్ మాత్రం భృతి అందాల్సిన నాటి నుంచి 12 నెలల్లోపు పెట్టి ఉండాలి. అక్కడ లాయరే ఉండాలని లేదు, రాతపూర్వక అధికారం ఇస్తే రిజిస్టర్డ్ యూనియన్ నాయకుడు కూడా మీ తరఫున హాజరుకావచ్చు. లాయర్ ఖర్చుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సహాయం ఉచితం. నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు రిజెక్ట్ ఉత్తరం, చందా ప్రింటు, ముద్ర ఉన్న అర్జీ కాపీ, పోస్టు రసీదులు ఒకే ఫైలులో తేదీల వరుసన పెట్టుకుని వెళ్లండి.